జాతకాలు కలవని కంప్యూటర్

కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వస్తోందంటే ఇదివరకు జనం అడిగే మొదటి మాట, అందులో కొత్తగా ఏముందని. ఇప్పుడు ముందు అదే మనల్ని అడుగుతోంది, నీ దగ్గర ఏముందని.

2021 జూన్ 24న విండోస్ 11ను ప్రకటిస్తూ మైక్రోసాఫ్ట్ ఓ చిన్న ప్రోగ్రామ్ కూడా వదిలింది. పేరు పీసీ హెల్త్ చెక్. బీపీ, షుగరు చూసి మందు రాస్తుంది కాబోలనుకుని నొక్కినవాళ్లకు అది ఒకటే ముక్క చెప్పింది: ఈ కంప్యూటర్‌లో విండోస్ 11 నడవదు. ఎందుకు నడవదో చెప్పలేదు. మగపెళ్లివారు వచ్చి, ఫలహారాలన్నీ కానిచ్చి, ఇంటికెళ్లాక "జాతకాలు కలవలేదండీ" అని కబురంపి ఊరుకున్నట్టు. లక్ష పోసి కొన్న కొత్త యంత్రాలకూ కొన్నిటికి అదే కబురు. తీరా చూస్తే విండోస్ 11 కోరే టీపీఎం అనే భద్రతా ఏర్పాటు వాటి ప్రాసెసర్‌లోనే ఉంది, బయాస్‌లో ఆఫ్ అయి ఉందంతే. ఈలోగా మదర్‌బోర్డుకు విడిగా గుచ్చే టీపీఎం ముక్కల ధరలు చుక్కలంటాయి. జనం గోల పెట్టాక, వారం తిరక్కుండానే ఆ హెల్త్ చెక్‌ను వెనక్కి తీసుకున్నారు. వైద్యుడికే జబ్బు చేసిందన్నమాట.

ఇదంతా మీ భద్రత కోసమేనంటోంది కంపెనీ. టీపీఎం వరకు కాదనను. డిస్కుకు వేసిన తాళంచెవిని అది దాచిపెడుతుంది, కంప్యూటర్ లేచేటప్పుడు మధ్యలో ఎవరైనా వేలు పెట్టారేమో లెక్క రాసుకుంటుంది. ల్యాప్‌టాప్‌ను రైల్లో పోగొట్టుకున్నవాడు దాన్ని తిట్టడు. పేచీ అంతా ప్రాసెసర్ల జాబితాతోనే.

ఇంటెల్‌లో 2017 నాటి 8వ తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 నుంచి అర్హులట. గీత అక్కడే ఎందుకు గీశారు? కెర్నెల్‌లోకి దొంగ కోడ్ చొరబడకుండా కాపలా కాసే మెమరీ ఇంటెగ్రిటీ అనేదొకటి ఉంది. కంప్యూటర్ నత్తనడక నడవకుండా ఆ కాపలా సాగాలంటే ప్రాసెసర్‌లోనే ఒక సదుపాయం ఉండాలి. ఇంటెల్‌లో అది 7వ తరం కేబీ లేక్ నుంచే ఉంది. ఏఎండీలో జెన్ 2 వచ్చేదాకా లేదు. భద్రతే కొలబద్ద అయితే 7వ తరం ఇంటెల్ లోపల, రైజెన్ 2000 బయట ఉండాలి. జాబితాలో సరిగ్గా దీనికి తలకిందులు.

అసలు కథ ఆగస్టులో. జాబితాను మళ్లీ తిరగేసి, వర్క్‌స్టేషన్లలో వాడే ఖరీదైన చిప్పులు కొన్నిటితోపాటు మామూలు 7వ తరంలో ఒకే ఒక్కదానికి తలుపు తీశారు: కోర్ ఐ7-7820హెచ్‌క్యూ. ఇంత పుణ్యం చేసుకున్న ఈ చిప్ ఎక్కడ కాపురముంటోందయ్యా అంటే, మైక్రోసాఫ్ట్ అప్పటికింకా సొంతంగా అమ్ముకుంటున్న సర్ఫేస్ స్టూడియో 2లో! కొత్త పద్ధతి డ్రైవర్లతో వచ్చిన యంత్రాలకే ఈ మినహాయింపని వివరణ కూడా ఇచ్చారు. ఆ చిప్‌తోపాటు పుట్టిన ఐ7-7700హెచ్‌క్యూ మాత్రం గుమ్మం బయటే నిలబడింది. మేనరికానికి జాతకాలు చూడనక్కర్లేదని మన పెద్దలు ఊరికే అన్నారా? కంపెనీ సీఈఓ సత్య నాదెళ్ల హైదరాబాద్‌లో పుట్టిన మనిషే కాబట్టి ఈ సంగతి ఆయనకు విడమరచి చెప్పే పని లేదు.

అప్పుడే ఓ అంకె కూడా చూపించి భయపెట్టారు. అర్హత లేని యంత్రాల్లో కెర్నెల్ క్రాష్‌లు 52 శాతం ఎక్కువట. వామ్మో అనుకునేలోపే, అర్హత ఉన్నవాటిలో 99.8 శాతానికి క్రాష్ ఊసే లేదని ఆ పక్కనే మురిసిపోయారు. రెండూ ఒకే కొలతవైతే, 0.2 మీద 52 శాతం పెంచితే వచ్చేది 0.3. అంటే పనికిరాని యంత్రాలు కూడా 99.7 దగ్గర నిక్షేపంగా నడుస్తున్నాయి. దీనికా ఇన్ని శాపనార్థాలు!

పైగా అడ్డదారి చెప్పింది కూడా వాళ్లే. రిజిస్ట్రీలో ఒక విలువ మారిస్తే 7వ తరమైనా అప్‌గ్రేడ్ అవుతుందని 2021లోనే రాసిపెట్టారు, ఆపైన ఏం జరిగినా మా పూచీ లేదని ఓ హెచ్చరిక తగిలించారు. రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లోనైతే పెన్‌డ్రైవ్ తయారుచేసేటప్పుడు ఓ చిన్న పెట్టె వస్తుంది: 4జీబీ ర్యామ్, సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 నిబంధనలు తీసేయమంటారా అని. టిక్కు పెడితే సరి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో ఏ రిపేరు కుర్రాడైనా టీ చల్లారేలోపు ఆ పని కానిచ్చేస్తాడు.

వెనక్కి వెళ్తే 2006లో ఇదే కంపెనీ దీనికి పూర్తిగా తలకిందులైన వేషం వేసింది. అప్పుడు విండోస్ విస్టాకు పనికొస్తాయంటూ అడిగినవాటికీ అడగనివాటికీ స్టిక్కర్లు అంటించారు. ఇంటెల్ 915 చిప్‌సెట్ ఉన్నవి విస్టా అసలు సోకును చూపించలేకపోయినా సరే. కొన్నవాళ్లు కోర్టుకెక్కారు, 2008లో మైక్రోసాఫ్ట్ లోపలి ఈమెయిళ్లు బయటికొచ్చాయి. ఇంటెల్ ఆ మూడు నెలల ఆదాయం గట్టెక్కడానికే అర్హత తగ్గించామని ఒక ఉద్యోగి వాటిలో రాసుకున్నాడు. వైస్ ప్రెసిడెంట్ మైక్ నాష్ 2,100 డాలర్లు పెట్టి కొన్న ల్యాప్‌టాప్ ఈమెయిల్ చూసుకోవడానికి తప్ప ఎందుకూ కొరగాదని వాపోయాడు. బోర్డు సభ్యుడు జాన్ షిర్లీ అయితే ఇంట్లో ఒక కంప్యూటర్‌కు విస్టా ఎక్కించి, ప్రింటర్‌కూ స్కానర్‌కూ సరైన సాఫ్ట్‌వేర్ దొరక్క, రెండోదాని జోలికి పోనన్నాడు. పనికిరానిదాన్ని పనికొస్తుందన్నదీ వాళ్లే, పనికొచ్చేదాన్ని పనికిరాదంటున్నదీ వాళ్లే.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. దాంతో, భద్రత పేరు చెప్పి గుమ్మం బయట నిలబెట్టిన యంత్రాలే కాపలా లేకుండా మిగిలాయి. దోషానికి శాంతి కూడా వాళ్ల దగ్గరే ఉందిలెండి. 30 డాలర్ల దక్షిణ చెల్లిస్తే ఇంకో ఏడాది. చేతిలో డబ్బాడకపోతే బింగ్‌లో వెతుకుతూ పోగేసుకునే 1,000 పాయింట్లు సమర్పించుకోవచ్చు, లేదా సెట్టింగులు వన్‌డ్రైవ్‌కు అప్పగించవచ్చు. ఐరోపాలో వినియోగదారుల సంఘాలు నిలదీసేసరికి అక్కడివాళ్లకు ఈ షరతులు చాలావరకు సడలిపోయాయి. 30 డాలర్లు ముట్టాక మాత్రం 7వ తరమా, టీపీఎం ఉందా అని ఎవరూ అడగరు. అదే పాత ప్రాసెసర్ ఉన్న యంత్రంలోకి అప్‌డేట్లు బుద్ధిగా దిగుతాయి.