పప్పు చీటీకి టీక

మూలం: "వచ్చేటప్పుడు పప్పు మర్చిపోకండి."

అవతారిక: నాయిక ఇల్లాలు. నాయకుడు ఆఫీసు నుంచి వచ్చే మగడు. టీకాకర్తయును అతడే, అనగా నేనే. మూలం క్యాలెండర్ కాగితం వెనక పెన్సిలుతో రాయబడి, టిఫిన్ డబ్బా మూత కింద దొరికింది. ఆ సాయంత్రం నాయకుడు శనగపప్పు తెచ్చాడు. టీక అవసరపడింది అందుకే.

ప్రతిపదార్థం: వచ్చేటప్పుడు = బస్సులో నలిగి, బుర్ర పనిచెయ్యని వేళ; మర్చిపోకండి = నిన్నా మర్చిపోయారని ధ్వని; 'అండి' = గౌరవార్థకం, కోపమున్నప్పుడు మరింత స్పష్టంగా పలుకబడును; పప్పు = చిక్కంతా ఇక్కడే.

టీక: పొట్టు పోయి బద్దలైన గింజ పప్పు. కంది, పెసర, మినప, శనగ అన్నీ పప్పులే. పెంకులోపలి పలుకూ పప్పే గనుక జీడిపప్పు, బాదంపప్పు, సారపప్పులకు కూడా ప్రవేశం ఉంది. నెలాఖరున ఆ అర్థం గ్రాహ్యం కాదు. రాయలసీమలో పప్పుల పొడి అంటే పుట్నాల పొడి. పుట్నాలు శనగ సంతానమే. కాబట్టి శనగపప్పు తెచ్చినవాడిది మరీ అపార్థం కాదని గ్రహించునది.

ఆక్షేపం: ఉత్త పప్పంటే కందిపప్పే కదా? తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చెను గదా?

సమాధానం: వచ్చింది, కందికి. పప్పు అన్న మాటకు రాలేదు. సంస్కృతంలో సూపమంటే పప్పు, వంటవాడు సూపకారుడు. విరాటుడి కొలువులో భీముడంతటివాడు చేసిన ఉద్యోగం పేరులో పప్పుంది గాని కంది లేదు.

ఇక లోకవ్యవహారం. పెళ్లెప్పుడని అడగాలంటే పప్పన్నం ఎప్పుడు పెడతావంటారు. ఆ పెళ్లికొడుకు నోరు విప్పకపోతే ముద్దపప్పంటారు. విస్తట్లో నెయ్యీ ఆవకాయల పక్కన పడితే అంత భోగం, మనిషి మీద పడితే అంత నింద! ఈ అన్యాయం ఏ లాక్షణికుడికీ పట్టలేదు. పొరబడినవాడు పప్పులో కాలేస్తాడు. చారులో ఎందుకు వెయ్యడో విచార్యం.

వ్యాకరణ విశేషం: పొయ్యి మీద పప్పు ఏకవచనం. పప్పు ఉడికింది, పప్పు మెదిగింది. ఎత్తు పారనప్పుడు మాత్రం బహువచనం: నీ పప్పులుడకవు. వంటింట్లో ఉడక్కపోతే నీళ్లు ఉప్పువై ఉండాలి, లేదా మెత్తబడకముందే చింతపండు పడి ఉండాలి. రెండో చోట ఎదుటివాడికి తెలివుంటే చాలు.

తాత్పర్యం: కందిపప్పు తెండి.

ఫలశ్రుతి: ఈ టీకనంతా వంటింటి గుమ్మంలో నిలబడి వినిపించాను. నాయిక కుక్కర్ మూత తీసి, తెచ్చిన పాపానికి ఉడకేసిన శనగపప్పును పప్పుగుత్తితో రెండుసార్లు నొక్కి చూసింది. బద్దలు గుత్తి కిందనుంచి పక్కకు జారాయి. గుత్తి గట్టుమీద పెట్టి, "ఈ పప్పులుడకవు" అంది.

కుక్కర్‌ను అందో, నన్నందో! శ్లేష కుదిరిందని సంబరపడబోయాను. అంతలో వచనం స్ఫురించి, సంచీ అందుకున్నాను.