కూర్చున్న చోటే పరదేశం

మా అబ్బాయి ఉండేది డల్లాస్‌లో, నేనుండేది ఎటపాకలో. ఇద్దరం పరదేశంలోనే ఉన్నాం. వాడు విమానాలు మారి, మోకాళ్లు ముడుచుకుని ఒక పగలూ ఒక రాత్రీ కూర్చుని పరదేశం చేరాడు. నేను మా వసారాలో నవారు మంచం మీద పడుకుని, తెల్లారి లేచేసరికి చేరిపోయాను. వీసా లేదు, టికెట్టు లేదు, పెట్టెలో ఆవకాయ సీసా పగులుతుందేమోనన్న బెంగ అసలే లేదు.

గాలి ఇటు తిరిగిందంటే భద్రాచలం గుడి మైకు మా ఊళ్లో వినిపిస్తుంది. అంత దగ్గర. ఆ రోడ్డు మీదే నాకో జిరాక్స్ షాపుంది. పూజారికీ జిరాక్స్ షాపువాడికీ ఒక పోలిక ఉంది. జనం కష్టమొస్తేనే మా గడప తొక్కుతారు. ఆయన దగ్గరికి కొబ్బరికాయతో పోతారు, నా దగ్గరికి ఆధార్ కార్డుతో వస్తారు.

పోయిన నెల ఒకరోజు పొద్దున్నే మావాడు ఫోన్ చేశాడు. గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

"నాన్నా, గ్రీన్‌కార్డు కాయితాల్లో తిరకాసొచ్చింది. పాస్‌పోర్టులో పుట్టినూరు భద్రాచలం, ఆంధ్రప్రదేశ్ అనుంది. ఇక్కడి లాయరమ్మ మ్యాపు తీసి, భద్రాచలం తెలంగాణలో ఉందిగా అంటోంది. మరి మీ నాన్న అడ్రసు ఆంధ్రాలో ఎందుకుంది, మీవాళ్లు ఎన్ని ఇళ్లు మారారు అని అడుగుతోంది."

"ఒక్కటీ మారలేదని చెప్పు."

"చెప్పాను. నమ్మట్లేదు."

ఆ తల్లిని తప్పుపట్టలేను. మా ఊరి కథ మాకే నమ్మబుద్ధి కాదు. మా ముత్తాతల నాడు ఇది నిజాం నేల. 1860లో ఆయన గోదావరి ఎడమ గట్టును తెల్లవాళ్లకు రాసిచ్చాడు. వాళ్లు మమ్మల్ని తీసుకెళ్లి నాగపూరు రాజధానిగా ఉన్న సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిపారు. 1874లో మద్రాసు కింద వేశారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో తూర్పు గోదావరి జిల్లా నుంచి తీసి ఖమ్మం జిల్లాకు ఇచ్చారు. 2014లో ఖమ్మం నుంచి తీసి మళ్లీ తూర్పు గోదావరికి ఇచ్చారు. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేర్చారు. ఇంత దేశం తిరిగినా మా పెరట్లో వేపచెట్టు అంగుళం కదిలిన పాపాన పోలేదు.

మా నాయన కలెక్టరుకు అర్జీ పెట్టాలంటే ఖమ్మం పోయేవాడు, నూట ఇరవై కిలోమీటర్లు. 2014 తర్వాత నాకు కాకినాడ అన్నారు, 2022లో పాడేరు అన్నారు. రెండూ రెండొందల కిలోమీటర్లు దాటిన దూరాలే. కోపంగా బయల్దేరినవాడు కూడా ఘాట్ రోడ్డు మలుపులు ఎక్కీ దిగీ, రెండుసార్లు వాంతి చేసుకుని, కలెక్టరాఫీసు చేరేసరికి బుద్ధుడైపోయేవాడు. ఓర్పు నేర్పడానికి ఇంతకన్నా చవకైన ఆశ్రమం లేదు.

"ఒరే, మీ ఊరి దగ్గరేదో సిక్స్ ఫ్లాగ్స్ అని ఆటల పార్కుందన్నావే, ఆ పేరెందుకొచ్చిందో తెలుసా?" అన్నాను మావాడితో. జిరాక్స్ షాపులో ఖాళీగా ఉన్నప్పుడు చదివిన ముక్క. టెక్సాస్ మీద స్పెయిన్, ఫ్రాన్స్, మెక్సికో, టెక్సాస్ రిపబ్లిక్, అమెరికా, దక్షిణాది కూటమి, మొత్తం ఆరు జెండాలు ఎగిరాయట. అదే పేరుతో 1961లో పార్కు తెరిచారు. "మనమూ లెక్క పెట్టుకుందాం రా. నిజాం, నాగపూరు, మద్రాసు, ఆంధ్ర రాష్ట్రం, పాత ఆంధ్రప్రదేశ్, కొత్త ఆంధ్రప్రదేశ్. సరిగ్గా ఆరు. మీ దగ్గర టికెట్టు కొని తల్లకిందులవుతారు, మనకు ఫ్రీ."

వాడు నవ్వలేదు. గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసేవాడు నవ్వడు. ఏ దేశంలో పుట్టినవాళ్లకైనా ఏడాదికి 7 శాతం మించి ఇవ్వరట. మనవాళ్ల వరస చూస్తే వైకుంఠ ఏకాదశి నాటి ఉత్తర ద్వారం గుర్తొస్తుంది.

అసలు 2014లో ఏం జరిగిందో లాయరమ్మకు వివరించమని చెప్పాను. జూన్ 2న తెలంగాణ పుట్టింది. పోలవరం ప్రాజెక్టు ముంపు లెక్కల్లో, సరిగ్గా ఆ తేదీకి ముందు ఆర్డినెన్సు తెచ్చి, జులైలో చట్టం చేసి, ఖమ్మం జిల్లాలోని ముంపు మండలాలను ఆంధ్రాకు ఇచ్చారు. భద్రాచలం ఊరిని మాత్రం గుడితో సహా తెలంగాణకు ఉంచారు. బూరెలో పూర్ణం ఒకరికి, పైన తోపు ఒకరికి అన్నమాట. మేం తోపు. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు, ఈ అయిదు పంచాయతీలను మళ్లీ తెలంగాణలో కలపాలన్న మాట అప్పట్నుంచీ నలుగుతూనే ఉంది. ఎన్నికలొస్తే కాస్త పొంగుతుంది, తర్వాత పొయ్యి ఆరిపోతుంది.

పూర్ణానికి మాత్రం సుఖమా? రాముడి గుడి తెలంగాణలో, రాముడి భూములు పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రాలో. సొంత పొలానికి స్వామి పరాయి రాష్ట్రం నుంచి రావాలి. ఊళ్లో ఊడ్చిన చెత్త పారబోద్దామంటే చుట్టూ పక్కరాష్ట్రమే. వనవాసంలో రాముడున్నాడని చెప్పే పర్ణశాల దుమ్ముగూడెం మండలంలో ఉంది, తెలంగాణలోనే. కానీ భద్రాచలం నుంచి అక్కడికి పోవాలంటే మధ్యలో ఆంధ్రా తగులుతుంది. ఆనాడు అయోధ్య నుంచి ఇక్కడిదాకా నడిచినాయన ఇన్నిసార్లు పొలిమేర దాటాడో లేదో.

ఇక మా షాపు. ఆన్‌లైన్ దరఖాస్తు నింపుతుంటే ముందు పిన్‌కోడ్ అడుగుతుంది. మాది ఇప్పటికీ ఖమ్మం నాటి 507తోనే మొదలవుతుంది. అది కొట్టగానే రాష్ట్రం గడిలో 'తెలంగాణ' అని దానంతటదే పడుతుంది. చెరిపి ఆంధ్రప్రదేశ్ అని పెడితే పిన్‌కోడ్ తప్పంటుంది. పిన్‌కోడ్ మారిస్తే ఊరు తప్పంటుంది. ఒకాయన అరగంట చూసి చూసి, "నేను తప్పు, అది రాయి" అన్నాడు.

పిల్లల గోల ఇంకో రకం. ఇంటర్ భద్రాచలంలో చదివినవాడు కౌన్సెలింగ్‌కు పోతే లోకలా నాన్‌లోకలా అని తేల్చాలి. తండ్రులు ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లన్నీ తెచ్చి నా బల్ల మీద పేకముక్కల్లా పరుస్తారు. నేను వాటిని ఇటు తిప్పి అటు తిప్పి ఒక్కోటి ఆరేసి కాపీలు తీస్తాను. దేశం ఎన్ని ముక్కలైనా జిరాక్స్ మిషన్‌కు మంచే జరుగుతుందని అప్పుడప్పుడు సిగ్గుపడుతూ సంతోషిస్తాను.

నా స్కూటర్ 2012లో కొన్నది. నంబరు ఏపీ 20, అంటే అప్పట్లో ఖమ్మం జిల్లా బండి. మొన్నామధ్య ఖమ్మంలోనే ఒక కానిస్టేబుల్ ఆపి, "ఏంది పెద్దాయనా, ఆంధ్రా బండా?" అన్నాడు. "కాదు బాబూ, బండి మీదే. ఆంధ్రా అయింది నేను" అన్నాను. ఆయన నన్నూ, బండినీ మార్చి మార్చి చూసి వదిలేశాడు. మా ఇంట్లో ఖమ్మం జిల్లాలో మిగిలింది ఆ స్కూటరొక్కటే.

అన్నిటికన్నా పెద్ద యుద్ధం బస్సులో జరిగింది. మా ఆవిడా, భద్రాచలంలో ఉండే వాళ్లక్కా కలిసి ఖమ్మం పెళ్లికి బయల్దేరారు. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత బస్సు వచ్చింది. ఒకే సీటు, ఒకే రంగు చీరలు. కండక్టరు ఆధార్లు చూశాడు. మా వదినకు జీరో టికెట్టు, మా ఆవిడకు డబ్బుల టికెట్టు.

"ఇద్దరం ఒక తల్లి బిడ్డలమయ్యా!" అంది మా ఆవిడ.

"తల్లి సంగతి కాదమ్మా, అడ్రసు సంగతి" అన్నాడు కండక్టరు.

పుట్టింటివాళ్లు అక్కకే ఎక్కువ పెట్టారని ముప్ఫై ఏళ్లుగా నడుస్తున్న కేసులో ఆ టికెట్టు కొత్త సాక్ష్యమైంది. మా ఆవిడ దాన్ని పారెయ్యలేదు. లామినేషన్ చెయ్యమంది. చేశాను. 2025 ఆగస్టు 15న ఆంధ్రాలోనూ ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. ఆ తర్వాత ఇద్దరూ రాజమండ్రి చుట్టాలింటికి పోయి, అక్కడ బస్సెక్కారు. ఈసారి మా వదిన డబ్బులిచ్చింది. మా ఆవిడ ఇంటికొచ్చి, పాలు పొంగించి పరమాన్నం చేసింది. పండగేంటని నేను అడగలేదు.

ఈ గొడవలన్నీ వింటూ ఒక కోయ పెద్దాయన నా షాపు ముందు బీడీ కాల్చుకుంటున్నాడు, పోడు పట్టా జిరాక్స్‌కు వచ్చి. "నా పెద్ద బిడ్డను కుంటలో ఇచ్చిన, చత్తీస్‌గఢ్. చిన్నదాన్ని మోటులో ఇచ్చిన, ఒడిశా. కొడుకు భద్రాచలంలో కూలికి పోతడు, తెలంగాణ. నేను చింతూరుకాడ, ఆంధ్రా" అని వేళ్లు మడిచాడు. "సంతకు పోయినా చావుకు పోయినా అడివిలో నడిచే పోతం. ఆ గీత ఏడుందో జర చూపియ్యి. దాని మీద మేకను కట్టేస్త."

చూపించలేకపోయాను. జిరాక్సుకు డబ్బులు మాత్రం తీసుకున్నాను.

మావాడు డల్లాస్ పక్కన ఫ్రిస్కోలోని కార్యసిద్ధి హనుమాన్ గుడిలో ప్రదక్షిణలు చేస్తున్నాడట. చెయ్యనీ. కానీ కార్యసిద్ధి ఆలస్యమైతే ఏం చెయ్యాలో తెలియాలంటే మా భద్రాచలమే గతి. ఇక్కడ తొందరపడ్డవాడికి చోటు లేదు. భద్రుడు రాముడి కోసం తపస్సు చేశాడు. శబరి పళ్లు పట్టుకుని ఎదురుచూసింది, ఆమె పేరున ఒక నదే పారుతోంది. భక్తుడు రైలెక్కి 'భద్రాచలం రోడ్' అనే స్టేషన్లో దిగి గుడెటు అని అడిగితే, "ఇది కొత్తగూడెం అన్నా, ఇంకో నలభై కిలోమీటర్లు" అంటారు. మా దగ్గర రైలు కూడా ముందు ఓర్పు నేర్పాకే దేవుణ్ణి చూపిస్తుంది.

ఈ విద్యలో పీఠాధిపతి కంచర్ల గోపన్న, మన రామదాసు. పాల్వంచ తాసీల్దారు. సర్కారు సొమ్ముతో గుడి కట్టించాడని తానీషా గోల్కొండ జైల్లో పెట్టించాడు. పన్నెండేళ్లు ఉన్నాడని చెబుతారు. నా లెక్కలో మా ప్రాంతపు మొట్టమొదటి పెండింగ్ ఫైలు అదే. ఆ పన్నెండేళ్లూ ఆయన నోరు మూసుకుని కూర్చున్నాడా? లేదు. నీ కోసం ఇంత పెడితే నన్నిలా వదిలేస్తావా అని రాముణ్ణి నిలబెట్టి కడిగేశాడు. అంతలోనే దెబ్బలకు తాళలేక తిట్టాను, ఏమీ అనుకోకు తండ్రీ అని దండం పెట్టాడు. మళ్లీ తిట్టాడు, మళ్లీ దండం పెట్టాడు. ఓర్పంటే నోరు కట్టేసుకోవడమని పుస్తకాల వాళ్లు రాస్తారు. మా ఊళ్లో అలా కాదు. కడుపునిండా తిట్టుకో, వరసలోంచి మాత్రం కదలకు.

మమ్మల్ని ఏ రాష్ట్రమని అడగకుండా వదిలేసే కాలం ఏడాదికొకసారి వస్తుంది, వానాకాలంలో. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులు తాకితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులొచ్చింది. 2022 జులైలో 71.3. మిషన్లను మంచం మీదికి, మంచాన్ని బల్ల మీదికి ఎక్కించి, మేం మిట్టకు పోయాం. మూడు రోజులు ఎవరు ఎదురైనా అడిగింది ఒక్కటే: "ఎన్ని అడుగులుంది?" అటు గట్టునా అదే ప్రశ్న, ఇటు గట్టునా అదే. పిన్‌కోడ్ ఎవడూ అడగలేదు. వరద తీసి, బురద ఎండి, నష్టపరిహారం కాయితాలు వచ్చాయి. అందులో మొదటి గడి: రాష్ట్రం. హమ్మయ్య, మామూలు రోజులొచ్చాయనుకున్నాను.

సరే, మావాడి పని. వాడు పుట్టింది భద్రాచలంలో కాబట్టి కాయితం అక్కడే కావాలి. షాపు మూసి స్కూటరెక్కాను. ఇన్నాళ్లూ జనానికి చెప్పిన సూత్రాలు నేనే పాటించాను: ప్రతి కాయితం ఆరు కాపీలు, జేబులో సొంత పెన్ను, కడుపులో ఇంత చద్దన్నం. కౌంటరు దగ్గర కుర్రాడు నా ఆధార్ చూశాడు.

"ఆంధ్రా కదండీ మీది. అక్కడ అడగండి."

"పుట్టింది ఇక్కడ నాయనా."

"ఎవరు, మీరా?"

"మా అబ్బాయి."

"ఆయనెక్కడ?"

"అమెరికాలో."

అతను పెన్ను కింద పెట్టాడు. మూడు చోట్లూ ఒక కాయితం మీద పట్టవని అతనికి అర్థమైనట్టుంది. పాపం, అతనికి మాత్రం ఎవరు చెప్పారు? "పాత రిజిస్టరు వెతకాలి. సోమవారం రండి" అన్నాడు. లోపల ఇంత పొడుగు తిట్టు లేచింది. రామదాసు గుర్తొచ్చి దాన్ని పూర్తిగా తిట్టుకుని, ఆ తర్వాతే నమస్కారం పెట్టి బయటికొచ్చాను.

రాత్రి మావాడు ఫోన్ చేశాడు.

"ఏమన్నారు నాన్నా?"

"సోమవారం రమ్మన్నారు."

"ఏ సోమవారం?"

"చూశావా, అందుకే నీకింకా గ్రీన్‌కార్డు రాలేదు" అన్నాను.