ఆర్‌సింక్ ఏకసూత్రి: టీకా తాత్పర్య విశేష సహితము

మూలము

ఆర్‌సింక్ -ఏవీఎన్ --డిలీట్ పెళ్ళిఫోటోలు/ భద్రం/పెళ్ళిఫోటోలు/

అవతారిక

పెళ్ళయింది. ఫోటోలన్నీ ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. "అవి ఇంకోచోట కూడా దాచావట్రా?" అని ఇంటి పెద్దావిడ అడిగింది. అడిగినందుకు జవాబుగా మనవడు నల్లతెర తెరిచి ఈ సూత్రాన్ని టైపు చేస్తున్నాడు. మౌస్‌తో పట్టి లాగితే తీరే పనికి ఇంత మంత్రం దేనికని పక్కనున్నవారికి సందేహం. దాన్ని తీర్చడానికే ఈ వ్యాఖ్య.

ఆర్‌సింక్ అనేది ఫైళ్ళకు నకలు తీసే ప్రోగ్రాము. దాని సూత్రకర్తలు ఇద్దరు: ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరస్. స్థలం కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ. కాలం 1996 జూన్. నత్తనడక ఫోను లైన్ల మీద పెద్ద ఫైళ్ళు పంపాల్సివచ్చిన రోజులవి. ఆ తొందరలో పుట్టిన గ్రంథం కనుక ఇందులో పొదుపే ప్రధానరసం.

ప్రతిపదార్థము

ఆర్‌సింక్ = ఓ ఆర్‌సింకూ! (సంబోధనము);
-ఏ = ఉన్నది ఉన్నట్లుగా;
-వీ = చేయుచున్నదానిని పేరుపేరున పలుకుచు;
-ఎన్ = నిజమునకు ఏమియు చేయకయే;
--డిలీట్ = అచ్చట ఉండి ఇచ్చట లేనివానిని తుడిచివేయుచు;
పెళ్ళిఫోటోలు/ = పెళ్ళిఫోటోలు అను ఫోల్డరు లోపలివానిని (ఫోల్డరును కాదు; చివరి గీతను చూచునది);
భద్రం/పెళ్ళిఫోటోలు/ = భద్రం అను హార్డ్ డిస్కునందలి పెళ్ళిఫోటోలు అను ఫోల్డరులోనికి;
(నకలు తీయుము అని క్రియ అధ్యాహారము.)

తాత్పర్యము

ఓ ఆర్‌సింకూ! నా పెళ్ళిఫోటోలను తేదీలు చెదరకుండా హార్డ్ డిస్కులోనికి చేర్చుము. నేను ఇక్కడ చెరిపినవి అక్కడ కూడ చెరుపుము. అయితే అదంతా ఇప్పుడు కాదు. చేసినచో ఏమి జరుగునో చెప్పి ఊరకుండుము.

విశేషములు

'-ఏ' అనేది ఒక్క అక్షరమే అయినా ఏడక్షరాలకు సంక్షేపం. పాణిని 'అచ్' అని రెండు ధ్వనుల్లో అచ్చులన్నింటినీ బంధించినట్టు, సూత్రకర్తలు ఇందులో ఆర్, ఎల్, పీ, టీ, జీ, ఓ, పెద్ద డీ అనే ఏడింటినీ ఇమిడ్చారు. అడుగు ఫోల్డర్ల దాకా దిగడం, లింకులను లింకులుగానే ఉంచడం, అనుమతులు, తేదీలు, గ్రూపు, యజమాని, పరికరాల ఫైళ్ళు అని వరుస. అన్నీ వచ్చాయని మురిసిపోరాదు. హార్డ్ లింకులు ఇందులో చేరవు, వాటికి పెద్ద హెచ్ విడిగా రాయాలి.

ఈ ఏడింటిలోనూ ప్రాణం 'టీ'లో ఉంది. ఆర్‌సింక్ రెండోసారి వచ్చినప్పుడు ఫైలు మారిందా లేదా అని లోపల తెరిచి చూడదు. పరిమాణం, చివరిసారి మార్చిన సమయం, ఈ రెండూ కలిస్తే దాటిపోతుంది. వేల ఫోటోల ఫోల్డరును క్షణాల్లో ముగించడంలోని గుట్టు ఇదే. 'టీ' లేకుండా నకలు తీస్తే అక్కడి ఫైలుకు నకలు తీసిన రోజే తేదీ అవుతుంది. మర్నాడు పోల్చినప్పుడు రెండు తేదీలూ కలవవు, ప్రతి ఫైలునూ మళ్ళీ ముట్టుకుంటుంది. ఉపనయనం అయినవాడికి రోజూ ఉపనయనమే.

ఇక గీత. మూలంలో మొదటి పెళ్ళిఫోటోల చివర వాలుగా ఒక గీత ఉంది. దీన్ని అలంకారప్రాయమని, పాదపూరణార్థమని వదిలేసినవారు చాలామంది కనబడతారు. అది సరికాదు. వంటింట్లో "ఆ పప్పుడబ్బా ఇటియ్యి" అనడానికీ "ఆ డబ్బాలో పప్పు ఇందులో పొయ్యి" అనడానికీ ఎంత తేడా ఉందో, గీత లేకపోవడానికీ ఉండడానికీ అంతే తేడా. గీత ఉంటే లోపలివి మాత్రమే కదులుతాయి. లేకపోతే ఫోల్డరు కూడా కదులుతుంది. మన సూత్రంలో ఈ గీత జారిపోతే, భద్రంలోని పెళ్ళిఫోటోల లోపల మరో పెళ్ళిఫోటోలు పుడుతుంది. డిస్కు నిండుతుందే గాని కొంప మునగదు.

కొంప మునిగే పాఠం వేరే ఉంది. గీత ఉంచి, గమ్యాన్ని 'భద్రం/' అని పొట్టిగా రాసినవారి గతి చూడండి. ఫోటోలు నేరుగా భద్రం నడిమధ్యలో పడతాయి. '--డిలీట్' తలెత్తి చుట్టూ చూస్తుంది. ఇంటి దస్తావేజుల స్కాన్లు, తాతగారి ఉత్తరాలు, పిల్లవాడి ప్రాజెక్టు, ఇవేవీ ఇక్కడి పెళ్ళిఫోటోల్లో లేవు. లేనివాటిని తుడవమన్నాడు కదా, తుడుస్తుంది. కోపమూ లేదు, అనుమానమూ లేదు, చెత్తబుట్టలో వేయడమూ లేదు.

పూర్వపక్షము: తుడిచే అవకాశమే లేకుండా '--డిలీట్' మానేస్తే పోదా?

సమాధానము: మానవచ్చు. అప్పుడు ఏటేటా ఇక్కడ చెరిపిన మసక ఫోటోలూ, కళ్ళు మూసుకున్న ఫోటోలూ అక్కడ పోగుపడుతూ ఉంటాయి. అది కూడా ఒక మతం. మధ్యేమార్గం కావాలంటే '--బ్యాకప్', '--బ్యాకప్-డిర్' అని రెండు పదాలు చేర్చితే, తుడవవలసినవి వేరే ఫోల్డరులోకి వెళ్ళి కూర్చుంటాయి. నా ఓటు దీనికే.

'--డిలీట్'కు బొత్తిగా కనికరం లేదనడం మాత్రం అన్యాయం. ఇక్కడి ఫైళ్ళు చదువుతుండగా డిస్కు మొరాయించి లోపం వస్తే, అక్కడ తుడవడం తనంతట తాను ఆపేస్తుంది. చదవలేకపోవడం వేరు, లేకపోవడం వేరు అన్న వివేకం దానికి ఉంది. ఫోల్డరు ఉండి, అది నిజంగా ఖాళీగా ఉంటే మాత్రం చేసేదేమీ లేదు. ల్యాప్‌టాప్ పాడై కొత్తది కొన్నవాడు అలవాటు చొప్పున ఇదే సూత్రాన్ని కొట్టాడనుకోండి. ఎడమవైపున ఇంకా ఏమీ నింపని పెళ్ళిఫోటోలు, కుడివైపున నిండుగా ఉన్న భద్రం. ఈ భాషలో ఎడమది ఎప్పుడూ ప్రమాణం. శూన్యాన్ని ప్రమాణంగా తీసుకుని కుడివైపును కూడా శూన్యం చేసి, పని పూర్తయిందని చెబుతుంది.

అందుకే '-ఎన్'. నకలు తీసే సూత్రంలో ఏమీ చేయవద్దనే పదం ఉండడం స్వవచన వ్యాఘాతమని, ఎవరో తర్వాత చేర్చిన ప్రక్షిప్తమని అనేవారున్నారు. వారు ఇంకా ఏదీ పోగొట్టుకోనివారై ఉండాలి. '-ఎన్' ఉంటే ఏమేమి చేరుస్తుందో, ఏమేమి తుడుస్తుందో జాబితా మాత్రం వస్తుంది. తుడిచేవాటి ముందు 'డిలీటింగ్' అన్న మాట కనబడుతుంది. అది ఏ పేర్ల ముందు ఉందో చదివి, మనసు కుదుటపడ్డాక ఆ ఒక్క అక్షరం తీసి మళ్ళీ కొట్టాలి. చదవకుండా తీసేవారికి ఈ వ్యాఖ్య పనికిరాదు.

ప్రసంగవశాత్తు సూత్రకర్తల ప్రతిభను చెప్పకపోతే దోషం. అక్కడ పాత ఫైలు ఉంది, ఇక్కడ కొత్తది. తేడా మాత్రమే పంపాలి. తేడా తెలియాలంటే రెండూ ఒకచోట ఉండాలి. ఒకచోటికి తేవాలంటే మొత్తం పంపాలి. మొత్తం పంపాక ఇక తేడాతో పనేమిటి? తార్కికులు దీన్ని అన్యోన్యాశ్రయం అంటారు. దీనికి సూత్రకర్తలు చూపిన విడుపు ఇది.

పాత ఫైలున్న పక్షం దాన్ని సమానమైన ముక్కలుగా కోస్తుంది. చిన్న ఫైళ్ళకు 700 బైట్ల ముక్క, పెద్దవాటికి ఫైలు పరిమాణానికి దాదాపు వర్గమూలం. ఒక్కో ముక్కకు దానిలోని బైట్లను లెక్కగట్టి రెండు ముద్రలు వేస్తుంది. ఒకటి 32 బిట్ల చౌక ముద్ర, రెండోది గట్టి ముద్ర. తొలిరోజుల్లో గట్టి ముద్ర 128 బిట్ల ఎండీ4. పంపేది ముద్రలనే, ముక్కలను కాదు. కొత్త ఫైలున్న పక్షం ఆ ముద్రలు చేతబట్టుకుని తన ఫైలు మొదటి నుంచి ముక్కంత మేర చూస్తుంది. పోలిక లేకపోతే ఒక్క బైటు జరిగి మళ్ళీ చూస్తుంది. బైటు బైటుకూ ఎందుకు జరగాలి? ఫైలు మొదట్లో ఒక్క అక్షరం చేర్చినా వెనకున్నవన్నీ ఒక్కో స్థానం జరిగిపోతాయి కనుక. అన్నిసార్లు లెక్కిస్తే తెల్లారిపోదా అంటే, చౌక ముద్రలోని సొగసంతా అక్కడే ఉంది. జరిగిన ప్రతిసారీ మొత్తం కూడనక్కరలేదు, వెనక జారిన బైటును తీసేసి ముందు చేరినదాన్ని కలిపితే చాలు. మార్క్ ఆడ్లర్ రాసిన ముద్ర నుంచి ఈ పద్ధతికి స్ఫూర్తి పొందామని కర్తలే చెప్పుకున్నారు. చౌక ముద్ర కలిసినప్పుడే గట్టి ముద్రను లెక్కిస్తుంది. అదీ కలిస్తే "ఫలానా ముక్క నీ దగ్గరే ఉంది" అని కబురంపుతుంది. కలవని బైట్లే తీగ మీద ప్రయాణం చేస్తాయి. ట్రిడ్జెల్ 1999లో సమర్పించిన పీహెచ్‌డీ గ్రంథంలో ఇది విస్తారంగా ఉంది.

ఇంత చెప్పి ఒక సంగతి దాచడం భావ్యం కాదు. మన సూత్రంలో ఈ గణితమేదీ నడవదు. రెండు చోట్లూ ఒకే యంత్రానికి తగిలించినవి అయితే, ముద్రలు కట్టేలోపు మొత్తం నకలు తీయడమే త్వరగా అవుతుందని ఆర్‌సింక్ తానే ఊరుకుంటుంది. పైగా జేపెగ్ ఫోటో ఒకసారి తీశాక లోపల మారేది అరుదు. కుదించి పంపమనే '-జెడ్' మూలంలో లేకపోవడానికీ కారణం ఇదే. జేపెగ్ పుట్టుకతోనే కుదించినది, దాన్ని ఇంకా పిండితే ప్రాసెసరు వేడెక్కడమే ఫలం.

పాఠభేదములు

మ్యాక్ ప్రతులలో చాలా ఏళ్ళు 2.6.9 అనే 2006 నాటి పాఠమే చలామణీ అయింది. తర్వాతివి జీపీఎల్ మూడో రూపం లైసెన్సు కిందికి వెళ్ళడం ఇందుకు హేతువు.

విండోస్ ప్రతులలో ఆర్‌సింక్ స్వతహాగా లేదు. సిగ్‌విన్ ద్వారానో డబ్ల్యూఎస్ఎల్ ద్వారానో తెచ్చుకుంటారు. అక్కడ తెలియనివారు 'సీ:' అని డ్రైవు పేరు రాస్తారు. ఆర్‌సింక్ భాషలో రెండు చుక్కలకు ముందున్నది దూరపు యంత్రం పేరు. పాపం, అది 'సీ' అనే యంత్రం కోసం నెట్‌వర్కంతా వెతుకుతుంది. సిగ్‌విన్‌లో '/సిగ్‌డ్రైవ్/సీ/' అనీ, డబ్ల్యూఎస్ఎల్‌లో '/ఎంఎన్‌టీ/సీ/' అనీ చదువుకోవాలి. గమ్యం ఫ్యాట్ రకం పెన్‌డ్రైవు అయితే మరో చిక్కు. అది సమయాన్ని రెండేసి సెకన్ల లెక్కన రాసుకుంటుంది. ఒక్క సెకను తేడాకే ఫైలు మారిందని భ్రమ పుట్టకుండా '--మాడిఫై-విండో=1' చేర్చుకోవాలి.

విండోస్‌వారి సొంత శాఖ రోబోకాపీ. అందులో వాలుగీత ఐచ్ఛికాల ముందుకు వెళ్ళిపోయింది. '/మిర్' అంటే అద్దంలో బింబంలా చేయమని, తుడవడం దానిలోనే కలిసి ఉంటుంది. '-ఎన్'కు బదులు '/ఎల్'. గీత ఉందా లేదా అన్న వాదం ఈ శాఖలో లేదు, కదిలేవి ఎప్పుడూ లోపలివే. దీని మొండితనం మాత్రం లోకోత్తరం. నకలు పడని ఫైలు తగిలితే, ఎవరూ వేరే చెప్పకపోతే, ముప్ఫై సెకన్లకోసారి చొప్పున 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. లెక్క వేస్తే ఒక్క ఫైలు వాకిట్లో సుమారు 347 రోజులు. కనుక ఈ పాఠాన్ని పట్టేవారు చివర '/ఆర్:2 /డబ్ల్యూ:5' అని చేర్చి చదువుకోవలెను.