డ్రైవరు కూడా సరుకే

చిలకలగూడ చౌరస్తా దగ్గర అడ్డా మీద నిలబడే గూడ్స్ బండిని నేను. నాలుగు చక్రాలు, ముందు రెండు సీట్లు, వెనక ఇనుప తొట్టి. ఇల్లు ఖాళీ చేసేవాళ్లు, రాణిగంజ్ నుంచి పైపులు తెచ్చుకునేవాళ్లు, సికింద్రాబాద్ స్టేషన్ పార్సిల్ ఆఫీసు నుంచి మూటలు విడిపించుకునేవాళ్లు నా గిరాకీ. పండక్కి, పెళ్లికి కూడా నేనే. లష్కర్ బోనాల నాడు నన్ను వేపమండలతో, సీరియల్ లైట్లతో ముస్తాబు చేసి ఫలహారం బండిని చేస్తారు. ఆ రోజు నా మీద ఎంతమంది ఎక్కారో ఎవరూ లెక్కపెట్టరు, పెట్టమని నేనూ అడగను.

మిగతా రోజుల సంగతి వేరు. నా తలుపు మీద తెల్లరంగుతో అంకెలు రాసి ఉంటాయి. ఖాళీ బరువు 800 కిలోలు, మొత్తం బరువు 1550, మోసేది 750. నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టినట్టు ఇవి ఆనవాయితీ కోసం రాసినవి కావు. రవాణా బండిని రిజిస్టరు చేసేటప్పుడు ఖాళీ బరువు, మొత్తం బరువు, ఒక్కో ఇరుసు మీద పడే బరువు, టైర్ల సైజు నమోదు చేయాలనీ, వాటిని యజమాని బండి మీద రాయించాలనీ 1988 మోటారు వాహనాల చట్టం 58వ సెక్షన్ చెబుతుంది. అదే చట్టం ఖాళీ బరువు అంటే ఏమిటో చెప్పిన చోట ఒక తమాషా ఉంది. బండితోపాటు మామూలుగా ఉండే సరంజామా అంతా ఆ లెక్కలోకి వస్తుంది, డ్రైవరూ అతని సహాయకుడూ మాత్రం రారు. అంటే నన్ను నడిపే మా అన్న సీట్లో కూర్చోగానే ఆయన డెబ్బై కిలోలూ సరుకు ఖాతాలో పడ్డట్టే. పక్కన హమాలీ కూర్చుంటే ఇంకో అరవై. తొట్టిలో ఒక్క గిన్నె పడకముందే నా 750 కాస్తా 620 అయింది. అడ్డా మీద ఈ మాట చెబితే నవ్వుతారు.

అడ్డా లెక్క కంటితోనే జరుగుతుంది. పద్మారావునగర్‌లో ఒకావిడ ఇల్లు ఖాళీ చేస్తూ, "అన్నా, ఒక్క ట్రిప్పుల అయిపోతదా?" అని అడిగింది. మా అన్న సామాను వంక ఒకసారి చూసి, "బీరువా నిలువుగ పెడితే అయితదమ్మా" అన్నాడు. ఎంత పడుతుందన్నదే ప్రశ్న, ఎంత తూగుతుందని ఎవరూ అడగరు. పరుపులూ ప్లాస్టిక్ కుర్చీలూ అయితే తొట్టి నిండి పైకి పొంగినా నాకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. సిమెంటు అలా కాదు. బస్తా 50 కిలోలు, పదిహేను బస్తాలతో 750 నిండిపోతుంది, తొట్టిలో మాత్రం ఇంకా బోలెడు ఖాళీ కనబడుతుంది. ఆ ఖాళీని చూసి ఊరుకునే మేస్త్రీ నాకు ఇంతవరకు తగల్లేదు. గ్రానైట్ ఇంకా దొంగది. ఇరవై మిల్లీమీటర్ల పలక చదరపు అడుగుకు దాదాపు ఐదు కిలోలు తూగుతుంది. రెండువందల అడుగుల రాయి అంటే టన్ను. పేర్చి పెడితే చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది.

ఆ బరువు ఎక్కడ పడుతుందో కూడా చెప్పాలి. వెనక ఇరుసు కుంగుతుంది, ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగ్ చేతికి తేలిగ్గా తిరుగుతుంది. కొత్త డ్రైవర్లు అదేదో సుఖమనుకుంటారు. వెనక టైర్ల పక్కగోడలు తిరిగిన ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి వంగి లోపల వేడెక్కుతాయి. సీతాఫల్‌మండి ఫ్లైఓవర్ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెడితే ఆగాల్సిన చోటు కంటే ముందుకెళ్లి ఆగుతాను.

ఓవర్‌లోడుకు జరిమానా లేదా అంటే ఉంది. 2019 సవరణ తర్వాత ఇరవై వేలు, పైన ప్రతి అదనపు టన్నుకూ రెండు వేలు, అదీ కాక ఎక్కువున్న సరుకు దింపాలి. కాకపోతే ఆ టన్నుల భాష పెద్ద లారీలకు పనికొచ్చేది. నా ఎక్కువ క్వింటాళ్లలో ఉంటుంది, వంటసామాను కింద దాక్కుంటుంది.

బండిలో తప్పుంటే కంపెనీయే దాన్ని వెనక్కి పిలవడం, అదే రీకాల్ అనే మాట నేను విన్నది ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి నోట. వ్యాగన్లు పరీక్షించే పనిలో నౌకరీ అంతా గడిపిన మనిషి. మెట్టుగూడ క్వార్టర్ల వైపు నుంచి ఆయన మంచాలూ పుస్తకాలూ తీసుకెళుతున్నాం. ఆలుగడ్డబావి బ్రిడ్జి దగ్గర ట్రాఫిక్ ఆగింది. ఆయన క్యాబిన్‌లో కూర్చుని టెక్సాస్‌లో ఉన్న కూతురి సంగతి ఎత్తుకున్నారు.

"మా అమ్మాయి వాళ్ల కారుకి కంపెనీ నుంచి ఉత్తరం వచ్చిందయ్యా, రీకాలని. ఏంటమ్మా, బ్రేకులా అంటే, కాదు నాన్నా, తలుపు పక్కన అంటించిన స్టిక్కర్ మీద బరువు తప్పు పడిందట అంది. కొత్త స్టిక్కర్ ఇస్తారట, పాతదాని మీద అంటించుకోవాలి."

మా అన్న పకపకా నవ్వాడు. "గా స్టిక్కరుకు ఉత్తరమా సార్? మా దిక్కు ఇంజనే ఊడిపోయినా ఫోన్ ఎత్తరు."

ఆయన కూడా నవ్వారు గానీ వదల్లేదు. ఆ దేశంలో కారు డ్రైవరు వైపు తలుపు స్తంభం మీద, మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని రాసి తీరాలి. మనిషికి 68 కిలోల చొప్పున లెక్క కట్టుకోవాలి. కారు 635 కిలోలు మోస్తుందని రాసి ఉంటే ఐదుగురు మనుషులకు 340 పోగా సామానుకు మిగిలేది 295. ఆ 68 మనకు కొత్తేం కాదన్నారాయన. మన అపార్టుమెంట్ లిఫ్టుల్లో ఎనిమిది మంది, 544 కిలోలు అని రాసేది ఆ లెక్కతోనే. వాళ్లకు ఈ పట్టింపు ఎలా వచ్చిందో కూడా చెప్పారు. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది. నడుస్తుండగానే ట్రెడ్ ఊడిపోయి, ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లు బోల్తా కొట్టి చాలామంది చనిపోయారు. గాలి తక్కువ, బరువు ఎక్కువ, ఎండ తోడైతే టైరు ఏమవుతుందో అప్పుడు దేశమంతా చర్చించింది. ఆ ఏడాది నవంబరులోనే ట్రెడ్ అనే చట్టం వచ్చింది, ఆ తర్వాత టైర్ల, బరువుల లేబుళ్ల నియమాలు బిగిశాయి.

నన్ను పట్టి కుదిపిన మాట చివర్లో వచ్చింది. అక్కడ కారు అమ్మేలోపు డీలరు ఏ సామాను బిగించినా, దాని బరువు 100 పౌన్లో, కారు మొత్తం బరువు పరిమితిలో ఒకటిన్నర శాతమో, ఏది తక్కువైతే అది దాటితే లేబుల్ మీద అంకె మార్చాలట. వంద పౌన్లంటే నలభై అయిదు కిలోలు.

నా మాటేమిటి? నేను షోరూము నుంచి వచ్చిన వారంలోనే తొట్టి చుట్టూ ఇనుప జాలీ ఎక్కింది. కింద మందపాటి రేకు పరిచారు. ముందు గార్డు బిగించారు. వెనక కమాన్ పట్టీలు అదనంగా వేశారు, వాటితో నేను ఎక్కువ మోస్తానని మా అన్న నమ్మకం. పట్టీలు వేస్తే కుంగడం తగ్గుతుంది. ఇరుసు, టైరు, బ్రేకు పాతవే. ఒకసారి పాత ఇనుము వేసుకెళ్లినప్పుడు ధర్మకాంటా మీద నన్ను ఖాళీగా తూచారు: 930. తలుపు మీద మాత్రం 800. నిజానికి నేను మోయాల్సింది 620. మా అన్ననూ హమాలీనీ తీసేస్తే 490. ఆర్సీలో రాసినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 52వ సెక్షన్ ఉండనే ఉంది.

మన దేశంలోనూ రీకాల్ ఉంది. 2012లో వాహన తయారీదారుల సంఘం స్వచ్ఛందంగా మొదలుపెట్టింది. 2019 సవరణలో 110ఎ సెక్షన్ చేరింది, 2021 ఏప్రిల్ 1 నుంచి నియమాలు అమల్లోకొచ్చాయి. బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు, ఇంధన పంపుల కోసం కంపెనీలు బండ్లను పిలుస్తున్నాయి. కానీ నా తలుపు మీది అబద్ధం కంపెనీది కాదే! అది మెకానిక్ షెడ్డులో వెల్డింగ్ రాడ్డుతో పుట్టింది. నన్ను ఎవరు వెనక్కి పిలవాలి?

"వ్యాగన్లకైతే ఎట్లుంటది సార్?" అని మా అన్న అడిగాడు. పెద్దాయన కాసేపు ఆలోచించి చెప్పారు. వ్యాగన్ పక్కన ఖాళీ బరువు, మోసే బరువు రాసి ఉంటాయి. బొగ్గు మోసే బాక్స్‌ఎన్ రకం మొత్తం బరువు 81.28 టన్నులు, అంటే ఇరుసుకు 20.32. 2005 ప్రాంతంలో రైల్వే ఆదాయం పెంచడానికి కొన్ని మార్గాల్లో రాసిన మోతకు పైన ఎనిమిది టన్నులు వేసుకోవచ్చన్నారు, లోడింగ్ తేడాకు మరో రెండు. వ్యాగనూ అదే, చక్రమూ అదే. "మేం మాత్రం పట్టాలూ స్ప్రింగులూ మరికాస్త దగ్గరగా చూసేవాళ్లం" అన్నారు. గర్వంగా చెప్పారో బాధగా చెప్పారో నాకు తెలియలేదు. ఏదైనా అది కాగితం మీద చెప్పి చేసిన పని. మా షెడ్డులో ఆ మాత్రం కాగితం కూడా లేదు.

మొన్న ఫిట్‌నెస్ గడువు దగ్గర పడితే మా అన్న పెయింటర్ని పిలిచాడు. తలుపు మీది అంకెలు సగం చెరిగిపోయాయి.

"ఎంత రాయాలె అన్నా?"

"ఆర్సీల ఎంతుంటే గంతే."

పెయింటరు శ్రద్ధగల మనిషి. స్కేలు పెట్టి గీత గీసుకుని, ఎనిమిదిని గుండ్రంగా, సున్నాలను సమానంగా రాశాడు. రంగు ఆరకముందే వారాసిగూడ నుంచి ఫోను వచ్చింది: గ్రానైట్ పలకలు, మూడో అంతస్తు, ఒక్క ట్రిప్పులో అయిపోవాలట.