ఉపధానశాస్త్రం: ఏలూరు, గూడెం, కొల్లేటి పాఠాలతో

1. ఉపోద్ఘాతం

మానవదేహం లోపల ఎముకతోనూ, అది కూర్చునే లోకం వెలుపల కర్రతోనూ రాతితోనూ నిర్మితమై ఉన్నందువల్ల, ఈ రెండు కాఠిన్యాల నడుమ మెత్తని మూడో ద్రవ్యమొకటి ఉండితీరాలన్న జ్ఞానం ఏ పూర్వీకుడి నడుముకు మొదట స్ఫురించిందో, ఆ క్షణమే ఈ శాస్త్రానికి జన్మలగ్నం. ఆ ద్రవ్యాన్ని సంస్కృతం ఉపధానమంటుంది. జనవ్యవహారం దిండని, తలగడని, బాలీసని, మెత్తని, సోఫాలు వచ్చాక కుషనని అంటుంది. పాకానికీ, గజాలకూ, చివరకు చౌర్యానికీ శాస్త్రాలు కట్టిన దేశంలో దీనికి మాత్రం ప్రత్యేక గ్రంథం లేకపోవడానికి కారణం అలక్ష్యం కాదు. ఉపధానాన్ని సమగ్రంగా పరిశీలించబూనిన పండితుడు గ్రంథరచనకు లేవలేకపోవడమే. అమరసింహుడంతటివాడు ఉపబర్హమని ఇంకొక్క పర్యాయపదం చెప్పి వెనువెంటనే శయ్య పేర్లలోకి వెళ్లిపోయాడు. ఆయన తొందర అర్థం చేసుకోదగినదే.

ఆప్తప్రమాణం భీష్మపర్వంలో ఉంది. పదవనాటి యుద్ధంలో ఒరిగి అంపశయ్యపై పడిన పితామహుడు, ఆధారం లేక శిరస్సు వేలాడుతుండగా, తలగడ అడిగాడు. రాజులు పరుగున వెళ్లి మేలిమి వస్త్రాల మెత్తని తలగడలు తెచ్చారు. ఆయన వాటిని నిరాకరించి అర్జునుడి వైపు చూశాడు; అర్జునుడు మూడు బాణాలు నాటి ఆ శిరస్సును నిలిపాడు. దీన్నిబట్టి తేలే పరమసిద్ధాంతం ఏమిటంటే, ఉపధానానికి మృదుత్వం లక్షణం కాదు, అనురూపతే లక్షణం. శయ్య ఎటువంటిదో తలగడ అటువంటిదే కావాలి. తలగడ అడగడం మహావీరుడికైనా చిన్నతనం కాదనీ, కాకపోతే ఎవరిని అడగాలో ఎరిగి అడగాలనీ ఉపసిద్ధాంతాలు. ఫోము వర్తకులు ఈ పర్వం చదివినట్టు కనిపించదు.

2. నామమీమాంస

కుషన్ శబ్దం ఇంగ్లీషులోకి ప్రాచీన ఫ్రెంచి మీదుగా వచ్చింది. దాని మూలం తుంటి అని అర్థమిచ్చే లాటిన్ పదం కోక్సా. అంటే పాశ్చాత్యుల వస్తువు పుట్టుకతోనే తుంటికి చెందినది. మన తలగడ పేరులోనే తలను పెట్టుకుని పుట్టింది. ఇంతటితో ఆగితే ప్రాక్పశ్చిమ భేదం సుఖంగా తేలిపోయేది. కాని కోక్సాకు సంస్కృతంలో ఒక సోదరపదం ఉంది: కక్షం, అనగా చంక. ఒకే మూలపదం పడమటికి పోయి తుంటి దగ్గర ఆగిపోగా, తూర్పుకు వచ్చి చంకదాకా ఎక్కింది. బాలీసును పక్కకు లాక్కుని, మోచేయి దిగవేసి, ఒక భుజం పైకీ ఒక భుజం కిందికీ ఉండేట్టు వాలే జమీందారీ భంగిమకు ఇదే భాషాశాస్త్ర సమర్థన అని ఒక మతం. మాకది సమ్మతమే గాని, ఆ వాదం మీద మరీ బరువు మోపరాదు. బాలీసు అన్న మాట స్వయంగా పారసీకం నుంచి వచ్చింది.

తలకూ తుంటికీ మధ్య ఈ భేదాన్ని మన గృహాలు ధర్మశాసనంగా పాటిస్తాయి. తలగడ మీద కూర్చోరాదు. కూర్చున్నవాడికి కూర్చున్న చోటే సెగ్గడ్డలు లేస్తాయి. శిక్షను అపరాధస్థానంలోనే విధించే ఇంత సూటి న్యాయం ఇతర స్మృతులలో అరుదు. కుషన్ మీద తలపెట్టి పడుకున్నవాడికి ఏ శిక్ష పడుతుందో మాత్రం అమ్మమ్మలు విధించలేదు. వారి కాలానికి సోఫా రాలేదు.

3. వర్గీకరణ

ఉపధానం ఆరు విధాలు.

మొదటిది అధశ్శిరస్కం, అంటే తలగడ. దీనికి బూరుగు దూది శ్రేష్ఠం, పత్తి మధ్యమం, పాతచీరల పేలికలు సాధారణం. కొబ్బరిపీచును శత్రువర్గం ఇంటికి వచ్చినప్పుడే ప్రయోగించాలి. దూది ఉండకట్టినప్పుడు విల్లుతో ఏకించి, ఎండబెట్టి, తిరిగి కూరడం దీనికి జీర్ణోద్ధరణ. గలీబు దీనికి బాహ్యశరీరం. తాళంచెవులు, పర్సు, ఇంటాయనకు కనబడరాని చీటీపాట పుస్తకం దీని అంతఃపురం. దీని మంత్రభాగానికి తలగడ మంత్రమని లోకంలో ఉన్న పేరు అందరూ ఎరిగినదే. గురుముఖతః కాక గృహిణీముఖతః, దీపం ఆర్పాక మాత్రమే ఉపదేశం అవుతుంది గనుక దాన్ని ఇక్కడ వివరించడం సంప్రదాయ విరుద్ధం.

రెండోది ఊర్ధ్వశిరస్కం, అంటే చుట్టకుదురు. తలగడ తలకింద ఉంటుంది, ఇది తలపైన ఉంటుంది. అది తల బరువును మోస్తుంది, ఇది తల మోసే బరువును మోస్తుంది. కొల్లేటి ఒడ్డున కొర్రమీను గంప ఎత్తుకున్న స్త్రీ పాతగుడ్డను మెలివేసి, చుట్టచుట్టి, నడినెత్తిన నిలిపే తీరు చూస్తే ఉపధానాన్ని అప్పటికప్పుడు నిర్మించి, అప్పటికప్పుడు లయం చేయగల విద్య ఇదొక్కటేనని తెలుస్తుంది. గంప దిగగానే చుట్టకుదురు మళ్లీ గుడ్డ అయిపోతుంది, చెమట తుడుస్తుంది. అద్వైతులు గమనించవలసిన విషయం.

మూడోది ఆసనీయం. నాలుగోది పార్శ్వికం, అంటే పైన చెప్పిన బాలీసు. అయిదోది అంకస్థం. ఆరోది నిరాకారం. వీటిలో మూడు, అయిదు, ఆరు విచారణీయాలు.

4. సంప్రదాయభేదం

ఏలూరు సంప్రదాయం తివాచీ మీద నిలిచింది. మహమ్మదీయ ప్రభువుల కాలంలో వచ్చి స్థిరపడ్డ పారసీక నేతగాళ్ల పరంపరగా చెప్పుకునే ఊలు తివాచీలు ఆ ఊరికి పేరు తెచ్చాయి. ఒక్కొక్క ముడి వేసి, కత్తిరించి, నేలనే మెత్తగా మార్చిన తర్వాత విడిగా దిండెందుకని ఈ పక్షం ప్రశ్న. నేలంతా ఉపధానమైనప్పుడు ఉపధానమన్నది వేరే లేదు.

తాడేపల్లిగూడెం సంప్రదాయం ఇంత దూరం పోదు. ఉల్లిపాయల మార్కెట్టు దాని పీఠం. ఖాళీ గోనెసంచిని నాలుగు మడతలు వేసి, బస్తా మీద పరిచి, దానిపై కూర్చుని బేరం చెప్పడం దాని ఆచారం. మూడు మడతలైతే గుచ్చుకుంటుంది, అయిదైతే జారుతుంది, నాలుగే శాస్త్రం. గోనె నేసే జూట్ మిల్లు ఏలూరులో ఉండటం, దాన్ని ఉపధానంగా గుర్తించిన ఘనత గూడేనికి దక్కడం రెండు పక్షాల మధ్యా చిరకాల వైమనస్యానికి కారణం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగి ఏలూరు ఒక జిల్లాకు కేంద్రమై, గూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమగోదావరిలో ఉండిపోవడంతో ఇక సమన్వయానికి పరిపాలనాపరమైన ఆశ కూడా పోయింది.

కొల్లేటి లంకగ్రామాల సంప్రదాయం మూడోది. వీరికి దోనెలో పరిచిన ఎండుగడ్డి, గట్టు మీద తుంగచాప చాలు. వరద వస్తే దిండు ముందు తడుస్తుందని అనుభవం నేర్పినందువల్ల వీరు ఉపధానం మీద మమకారం పెంచుకోరు.

5. ఆసనీయ ప్రకరణం

ఆసనీయాన్ని ఆధునిక కాలంలో రాజ్యాంగస్థాయికి చేర్చినది రైల్వే. రెండో తరగతి ప్రయాణికుడికి చెక్కబల్లే గతి అయిన రోజుల్లో, 1977లో రైల్వే మంత్రి అయిన మధు దండవతే ఆ బల్లల మీద రెండంగుళాల ఫోము వేయించడం మొదలుపెట్టారు. ఆ మార్పు సామాన్య బోగీలకు వచ్చాక మద్రాసు–హౌరా దారిలోని ఏలూరు, గూడెం స్టేషన్లలో రైలెక్కినవారి వీపులకూ దాని ఫలం అందింది. అంతకుముందు వర్గభేదాన్ని టికెట్టు రంగు చూడకుండానే తుంటి చెప్పేది. ఆ తర్వాత ఆ పని ఒక్క తుంటి వల్ల కాకుండా పోయింది. ఈ రెండంగుళాల మందానికి మా శాస్త్రంలో దండవతే ప్రమాణమని పేరు. ఇంటికి సోఫా చేయించేవారు ఒకటిన్నర అంగుళానికి దిగజారడం ధర్మచ్యుతి.

సినిమాహాలులో ఇదే సూత్రం సోపానరూపంలో దర్శనమిచ్చేది: నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ. నేలకు ఇసుకే ఉపధానం, బెంచికి అభ్యాసమే ఉపధానం, కుర్చీకి సన్నని రెగ్జిను, బాల్కనీకి స్పాంజి. విశేషమేమంటే, ఆనందం ఈ క్రమానికి విలోమంగా ప్రవహించేది. ఈలలన్నీ నేలలోనే పుట్టేవి. మెత్తదనం ఎక్కువైనచోట నోరు పెగలదని కొందరి వ్యాఖ్య.

బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టడం ఆసనీయంలో చేరుతుందా అని శిష్యులు తరచు అడుగుతారు. చేరదు. తువ్వాలు అక్కడ మెత్తన కోసం కాదు, హక్కు కోసం. అది రెవెన్యూ శాస్త్రం.

6. అంకస్థ ప్రకరణం

సోఫా మీద మూలకొకటిగా నిలబెట్టిన చిన్న చదరపు కుషన్ ఉపధానాలన్నిటిలో దురవగాహమైనది. అది తలకు ఎక్కువ, తుంటికి తక్కువ. అతిథి కూర్చున్నప్పుడు వీపుకు అడ్డం వస్తుంది. తీసి ఎక్కడ పెట్టాలో ఏ స్మృతీ చెప్పలేదు. ఈ సంకటంలో అతిథులు పలు విధాలుగా ప్రవర్తిస్తారు. అవిజ్ఞుడు దాని మీదే ఆని, సోఫా అంచున మూడంగుళాల చోటులో రెండు గంటలు కూర్చుంటాడు. మధ్యముడు దాన్ని పక్కకు నెడతాడు. అది పక్క అతిథి సరిహద్దులో చొరబడి కలహబీజమవుతుంది. ప్రౌఢుడు ఒళ్లోకి తీసుకుంటాడు. అందువల్లనే దీనికి అంకస్థమని పేరు.

ఒళ్లోకి తీసుకున్నాక దాని ఉపయోగాలు అనంతం. పొట్టకు తెర అవుతుంది, కాఫీ గ్లాసుకు బల్ల అవుతుంది. కట్నకానుకల ప్రసక్తి వచ్చినప్పుడు చేతులు దాన్ని పిసుకుతాయి. సంబంధం కుదరదని తేలినప్పుడు అంచు కుట్టు ఊడదీస్తాయి. పెళ్లిచూపులు జరిగిన ఇంట్లో మర్నాడు కుషన్లు పరిశీలిస్తే ఎవరు ఏ మాటకు ఎంత బాధపడ్డారో చెప్పవచ్చు. గోదావరి మర్యాద ఈ సందర్భంలో ఇలా ఉంటుంది:

“దిండు తీసేయమంటారా అన్నయ్యగారూ?”

“ఎందుకు చెల్లెమ్మా, హాయిగానే ఉంది.”

అడిగినవారికీ చెప్పినవారికీ అది హాయిగా లేదని తెలుసు. ఈ పరస్పర జ్ఞానమే అసలైన మెత్తదనం అని ఏలూరు పక్షం. అసలు దిండే పెట్టకుంటే ఇంత సంభాషణ తప్పేదని గూడెం పక్షం.

7. నిరాకార ప్రకరణం

కంటికి కనబడని ఉపధానాన్ని కూడా నేడు కుషన్ అనే అంటున్నారు. బస్సుకు గంట ముందు బయల్దేరడం కాలోపధానం. ధాన్యం డబ్బులు పడేలోగా ఎరువుల కొట్టుకు చెల్లించడానికి దాచుకున్నది ధనోపధానం. ఇంజనీర్లు జలాశయంలో రాబోయే వరద కోసం ఖాళీగా వదిలే భాగాన్ని ఫ్లడ్ కుషన్ అంటారు, ఇది జలోపధానం. మొదటి రెండూ స్వల్పాలు. మూడోదానికి మన దేశంలో కొల్లేటిని మించిన లక్ష్యం దొరకదు.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ, రెండు పక్కలా డెల్టాలు ఎత్తుగా ఉండి తాను పల్లంగా ఉన్నందున, కొల్లేరు స్వభావతః మెత్త. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు ఎంత వేగంగా వచ్చి మీద పడినా కుంగి, వెడల్పై, కోపం తగ్గాక ఉప్పుటేరు దారిన నెమ్మదిగా సముద్రానికి పంపుతుంది. ఉత్తమ ఉపధానానికి శాస్త్రం చెప్పే గుణాలు రెండే: ఒత్తితే లొంగాలి, వదిలితే పూర్వస్థితికి రావాలి. సరస్సు రెండూ చేసేది. అయితే దాని గర్భంలో చేపలచెరువుల గట్లు లేచాక పరిస్థితి మారింది. ఉపధానం పనిచేసేది దూది వల్ల కాదు, దూది పోగుల నడుమ ఉన్న ఖాళీ వల్ల. గట్టు అంటే దూదిలో దాచిన ఇటుక. 1999లో అయిదో కాంటూరు లోపలి భాగాన్ని అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో గట్లు పగలగొట్టారు. దిండు విప్పి, ఇటుకలు తీసి, తిరిగి కుట్టడమనే ఈ క్రియను ప్రభుత్వం చేపట్టడం ఉపధానశాస్త్ర చరిత్రలో అదే ప్రథమం. ఆ తర్వాత ఇటుకలు కొన్ని మళ్లీ లోపలికి చేరాయి. తలగడలో వస్తువులు దాచుకోవడం అనాదిగా వస్తున్న అలవాటే గదా.

కాటన్ దొర పేరుకు ఇంగ్లీషులో దూది అని అర్థం గనుక, 1852 నాటి ధవళేశ్వరం ఆనకట్టనూ దాని కింది డెల్టానూ ఉపధానాలుగానే ఎంచాలని వాదించేవారున్నారు. ఆయన ఇచ్చింది నీళ్లు. ఈ వాదం ఖండితం.

8. శేషవివాదం

మండువా లోగిలి, వసారాలో ఒకే బాలీసు, ఇద్దరు వియ్యంకులు ఒకే రైలు దిగి వచ్చారు. ఎవరికి వేయాలి? వయసులో పెద్దవాడికి వేయాలని ఏలూరు. మగపెళ్లివారికి వేయాలని భీమవరం వైపు అనుబంధశాఖ. బాలీసు లోపలికి తీసుకుపోయి ఇద్దరికీ చాప వేయాలని గూడెం. వచ్చినవాళ్లు భోజనానికి కూర్చుంటే ఈ ప్రశ్నే ఉదయించదని లంకవాసులు. ఈ నాలుగూ దోషభూయిష్ఠాలే. రైలు వచ్చే సమయం ఎరిగి, వారు వీధి మలుపు తిరగకముందే ఇంట్లోని పసివాణ్ణి తెచ్చి ఆ బాలీసుకు తలానించి పడుకోబెట్టాలని మా నిర్ణయం. నిద్రపోతున్న మనవడి తలకింది దిండు లాగి కూర్చున్న వియ్యంకుడు ఈ రెండు జిల్లాల్లోనూ ఇంతవరకు లేడు.