నవల రాసే పిల్లకు ఏ మేజర్ ఇస్తారు?

మహారాజశ్రీ డిగ్రీ ప్రవేశాల కన్వీనర్ గారి సముఖమునకు

విషయం: వెబ్ ఆప్షన్లలో ‘నవలా రచన’ కనబడకపోవడం గురించి.

అయ్యా,

మా మేనకోడలు ఇంటర్ పాసైంది. నవలలు రాస్తానంటోంది. అవి అచ్చుకాకపోతే, అచ్చయినా అన్నం పెట్టకపోతే, టీచరవుతానంటోంది. ఈ రెండు ముక్కలూ తమ దరఖాస్తులో ఏ గడిలో నింపాలో మాకు అంతుపట్టలేదు. ఆఖరి తేదీ ముంచుకొస్తోందని ఇంటిల్లిపాదీ ఆ భారం నా నెత్తిన పెట్టారు. దాన్ని తమ నెత్తికి మార్చడానికే ఈ లేఖ.

2023-24 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీకి ఒకటే మేజర్ అన్నారు. పూర్వం బీఏ అంటే మూడు సబ్జెక్టులు. హెచ్ఈపీ అని ముద్దుగా పిలుచుకుంటూ హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ మూడూ చదివేసి, ఏది అక్కరకొస్తుందో తర్వాత చూసుకునేవాళ్ళం. ఇప్పుడు మీసం కూడా మొలవని వయసులో ఒక్కదాని మీద వేలు పెట్టాలి. (మా పిల్లకు మీసం సమస్య లేదు, తక్కినదంతా ఉంది.)

పోనీ, పెద్దవాళ్ళు ఏ దారిన నవలల్లోకి వచ్చారో చూద్దామనుకున్నాను. విశ్వనాథ సత్యనారాయణ గారు కాలేజీల్లో తెలుగు చెప్పారు. బావుంది. బుచ్చిబాబు చెప్పింది ఇంగ్లీషు. వడ్డెర చండీదాస్ ఫిలాసఫీ, ‘అంపశయ్య’ నవీన్ ఎకనామిక్స్. యండమూరి చార్టర్డ్ అకౌంటెంటు. కేశవరెడ్డి డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన డాక్టరు. రావిశాస్త్రి విశాఖ వకీలు. కోర్టులో ఆయన చూసిన పోలీసులూ, సారా కేసులూ, పట్టుబడ్డ పేదలూ లేకపోతే ఆ రచనలే లేవు. ఎకనామిక్స్ నవీన్ గారేమో ఉస్మానియా హాస్టల్లో ఒక కుర్రాడి ఒక్క రోజును నవల చేశారు. అది ఏ సిలబస్‌లోనూ లేదు. ఇక రావూరి భరద్వాజ గారికి హైస్కూలు చదువే పూర్తికాలేదు. 2012 జ్ఞానపీఠం ఆయనది. తమ పోర్టల్లో ఆయనకు రిజిస్ట్రేషన్ నంబరు కూడా వచ్చేది కాదు.

అంటే నవలకు ఏ మేజరైనా సరిపోతుంది, అసలు లేకపోయినా సరిపోతుంది. ఇది మా బావగారికి రుచించలేదు. ‘అయితే కంప్యూటర్సే తీసుకోమను’ అన్నాడు.

చిక్కంతా రెండో కోరికతో వచ్చింది. నవల చూడని సర్టిఫికెట్లన్నీ టీచర్లను ఎంపికచేసే డీఎస్సీ చూస్తుంది. బడిలో స్కూల్ అసిస్టెంటు కావాలంటే బడిలో చెప్పే సబ్జెక్టే డిగ్రీలో చదివుండాలి. చండీదాస్ గారిలాగా ఫిలాసఫీ మీద మనసుపడితే విశ్వవిద్యాలయం దాకా వెళ్ళాల్సిందే, బడిలో ఫిలాసఫీ మాస్టారు పోస్టు లేదు. డిగ్రీ తర్వాత ఎడ్‌సెట్, రెండేళ్ళ బీఈడీ, ఆపైన టెట్. అందులో ఓసీలకు 150కి 90 రావాలి. అన్నీ చేతబట్టుకుని నోటిఫికేషన్ కోసం కూర్చోవాలి. 2018 డీఎస్సీ తర్వాత నియామకాల దాకా వెళ్ళిన పెద్ద డీఎస్సీ, 16,347 పోస్టులతో, 2025లో వచ్చింది. విశ్వనాథ గారి ‘వేయిపడగలు’ 29 రోజుల్లో పూర్తయిందని చెప్పుకుంటారు. ఈ లెక్కన నవల బతుకుతెరువు, టీచరుద్యోగం కల అని రాయాలేమో దరఖాస్తులో.

‘మావయ్యా, టీచరయితే సాయంత్రం నాలుగింటికల్లా ఇంటికొచ్చి రాసుకోవచ్చు కదా’ అంది పిల్ల. వాళ్ళమ్మ, అంటే మా చెల్లెలు, మండల పరిషత్ బడిలో సెకండరీ గ్రేడ్ టీచరు. యాప్‌లో హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఎన్నికల డ్యూటీ అన్నీ చేసి అప్పుడే ఇల్లు చేరి కాఫీ తాగుతోంది. పొలమారింది. తేరుకున్నాక మాత్రం గట్టిగానే అడిగింది: ‘ముప్ఫైమంది పిల్లలతో రోజంతా గడపడం నీకిష్టమేనా? ముందది చెప్పు, నవల సంగతి తర్వాత.’ పిల్ల ఆలోచించి ఇష్టమేనంది. నాకు ఆ ఆలోచించడం నచ్చింది. కాదని చెప్పుంటే ఈ లేఖ రాసేవాణ్ణి కాదు, మా బావగారి కంప్యూటర్లకే ఓటేసేవాణ్ణి.

తెలుగులో రాస్తుంది కనక తెలుగే మేజరు చెయ్యమని ఇంట్లో ఎక్కువ ఓట్లున్నాయి. నా ఓటు ఇంగ్లీషుకు. తెలుగు పిల్ల ఎలాగూ వదలదు, మేజరు పేరుతోనైనా నాలుగు దేశాల నవలలు చదువుతుంది. సర్కారు బడిలోనైనా ప్రైవేటు బడిలోనైనా ఇంగ్లీషు టీచరుకు చోటుంటుంది. డీఎస్సీ రాని ఏళ్ళలో ట్యూషన్లు అన్నం పెడతాయి. ఇంగ్లీషు చదివితే తెలుగు వాక్యం వంకరపోతుందని మా పెదనాన్న బెంగ. ఆయనకు ఇంగ్లీషు మాస్టారు బుచ్చిబాబు తెలుగులో రాసిన ‘చివరకు మిగిలేది’ తెచ్చిచ్చాను. ఇంకా చదవలేదు, అట్ట చూసి పక్కన పెట్టాడు. ఇంగ్లీషు మేజరుకు తోడు మైనరుగా హిస్టరీ. కరువులూ, శిస్తులూ, వలసలూ తెలియకుండా ఈ నేల మీద నవల రాయడం కష్టమని నా అనుమానం.

కనుక తమరు దయతో మాకు దగ్గర్లో ఏదో ఒక కాలేజీలో ఇంగ్లీషు మేజరు సీటు ఇప్పించవలెను. చేరేవాళ్ళు తక్కువని చదువు మధ్యలో ఆ సెక్షన్ ఎత్తెయ్యకుండా చూడవలెను. నవలా రచన గడి పెట్టడం తమ చేతుల్లో లేకపోతే ‘ఇతరములు’ అని ఒకటి పెట్టినా సంతోషమే, పిల్ల అందులో సర్దుకుంటుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక మేనమామ

జతపరచినవి: ఇంటర్ మార్కుల మెమో, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్ నకలు, నవల మొదటి అధ్యాయం (గెజిటెడ్ సంతకం కోసం వెళ్తే ఆ అధికారి చదివి ఇస్తానని ఉంచుకున్నారు. రాగానే పంపగలము).