ఒక బడి ముద్ర ఆత్మకథ

నన్ను గుద్దినవాళ్లు చాలామంది ఉన్నారు. చదివినవాళ్లు తక్కువ. నా ముఖం మీది అక్షరాలన్నీ తిరగేసి ఉంటాయి గనుక అది వాళ్ల తప్పు కాదు. కాగితం మీద పడ్డాకే నేను సూటిగా కనిపిస్తాను. ‘ప్రధానోపాధ్యాయులు’ అని ఒక వరుస, కింద బడి పేరు, ఆ కింద మేళ్లచెరువు మండలం, జిల్లా. ఏ ఊరి బడో మాత్రం చెప్పను. ఏడో తరగతి దాకా ఉన్న సర్కారు బడి అనుకోండి, చాలు.

పుట్టింది కోదాడలో, రబ్బరు స్టాంపులు చేసే చిన్న కొట్టులో. సీసపు అక్షరాలు పేర్చి అచ్చు తీశారు. అందులో రబ్బరు పెట్టి, వేడి చేసి నొక్కారు. అంచులు కత్తిరించి చెక్క పిడికి అతికించారు. అప్పుడు మాది నల్లగొండ జిల్లా. 2016 అక్టోబరు 11న, దసరా నాడు, కొత్త జిల్లాలొచ్చి మేం సూర్యాపేటలో పడ్డాం. హెచ్ఎం సారు నన్ను మళ్లీ కోదాడ తీసుకెళ్లి పాత రబ్బరు పీకించి కొత్తది వేయించారు. ముఖం మారినా జ్ఞాపకాలు పోలేదు. అవి పిడిలో ఉంటాయనుకుంటాను.

టీసీలు, బోనఫైడ్లు, కుల ధ్రువపత్రాల దరఖాస్తులు, ఇవన్నీ రోజువారీ పని. నేను చెవి రిక్కించి వినేది మాత్రం బడి కోసం అడిగే కాగితాలు రాసేటప్పుడే.

సర్వశిక్షా అభియాన్ రోజుల్లో అడగాల్సిన అవసరం పెద్దగా ఉండేది కాదు. ప్రతి టీచరుకు బోధన సామగ్రి కోసం ఏడాదికి 500 రూపాయలు వచ్చేవి. బడి గ్రాంటు ప్రైమరీకి 5,000, అప్పర్ ప్రైమరీకి 7,000. చార్టులు, స్కెచ్ పెన్నులు, అట్టముక్కలు కొన్న బిల్లులు ఒక కాగితానికి అంటించి తెస్తే సారు సంతకం చేసి నన్ను గుద్దేవారు. మార్చి నెలాఖర్లో గబగబా కొన్న చార్టులూ వాటిలో ఉండేవి, అది నాకు తెలుసు. అయినా ఆ ఐదొందలకు ఒక విలువ ఉండేది. ఏం కొనాలో పాఠం చెప్పే మనిషే తేల్చుకునేది. 2018లో సమగ్ర శిక్ష వచ్చాక పిల్లల సంఖ్యను బట్టి బడి మొత్తానికి ఒకే గ్రాంటు అన్నారు. వంద దాటి 250 దాకా పిల్లలున్న బడికి ఏడాదికి 50,000. అందులో కనీసం పదోవంతు స్వచ్ఛతకు పెట్టాలి. కరెంటు బిల్లు, సుద్దముక్కలు, రిజిస్టర్లు, కుళాయి రిపేర్లు పోగా సైన్సు పాఠం వంతు వచ్చేసరికి పాసుబుక్కులో చిల్లరే కనిపించేది.

మా మండలం కూర్చున్నదే సున్నపురాయి మీద. అందుకే ఇటు మేళ్లచెరువులో, అటు మఠంపల్లి, చింతలపాలెం వైపు సిమెంటు ఫ్యాక్టరీలు లేచాయి. 2013 కంపెనీల చట్టం వాళ్ల మీద ఒక బాధ్యత పెట్టింది. 500 కోట్ల నికర విలువో, 1,000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల నికర లాభమో ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం పనులకు ఖర్చు చేయాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి అమలు. చదువు ఆ పనుల జాబితాలో ఉంది. తాము పనిచేసే చోటుకు ప్రాధాన్యం ఇవ్వాలనీ ఉంది. ఈ సంగతి తెలిసిన నాటి నుంచి మా హెచ్ఎం గదిలో దరఖాస్తులే దరఖాస్తులు.

మొదట్లో రాసినవన్నీ ఒక్క తీరే. ‘మా పాఠశాల పేద విద్యార్థులతో కూడినది. తగిన సౌకర్యములు లేవు. కావున తమరు దయతలచి...’ అని మొదలై, కంప్యూటర్లు, బెంచీలు, ప్రహరీ గోడ, నీళ్ల ప్లాంటు, రంగులు అంటూ పేజీ నిండేది. కింద నేను. వాటిలో చాలావాటికి జవాబు రాలేదు. ఒకసారి ఒక చోటి నుంచి బెంచీలు వచ్చాయి. వాటి వీపు మీద పిల్లవాడి వీపు కంటే వెడల్పుగా ఇచ్చినవాళ్ల పేరు ఉంది. ఫొటో దిగారు, వెళ్లారు. మేకులు ఊడాక చెబుదామంటే ఆ పేరు పక్కన ఫోన్ నంబరు లేదు.

మలుపు తిప్పింది మా బడి యాజమాన్య కమిటీ చైర్‌పర్సన్. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఆమె మిరప కోతలకు పోయే మనిషి. తీర్మానం మీద సంతకానికి వచ్చి దరఖాస్తు చదివించుకుని విన్నది.

“సారూ, శివరాత్రికి మేళ్లచెరువు శంభులింగేశ్వరస్వామి జాతరల ఎడ్ల పందేలకు చందా ఎట్ల అడుగుతరు? ఊరికె జాతరకియ్యుండ్రి అంటరా? రెండు పండ్ల గిత్తలకు మొదటి బహుమతి ఇంత, నాలుగు పండ్ల వాటికి ఇంత అని జెప్తరు. అప్పుడు గద ఒక్కో మనిషి ఒక్కోటి రాయించుకునేది. మీరేందో అన్నీ కావాలంటిరి. ఏదీ కావాలన్నట్టు లేదు.”

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. పక్కనున్న సైన్సు మేడం మాత్రం ఆ కాగితం వెనక్కి తిప్పి అక్కడే రాయడం మొదలుపెట్టింది.

ఆ దరఖాస్తు నాకిప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఏడో తరగతికి ఆమ్లాలు, క్షారాల పాఠం ఉంది. పిల్లలు రోజూ చూసే లారీల నిండా సున్నపురాయే. దాని మీద పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే బుసబుస పొంగుతుందని పుస్తకంలో చదివారు గాని చూడలేదు. ఆ వచ్చే వాయువును సున్నపు తేటలోకి పంపితే పాలలా మారుతుంది. అదే కార్బన్ డయాక్సైడ్. మీ ఫ్యాక్టరీ బట్టీలో 1,450 డిగ్రీల దగ్గర క్లింకర్ తయారయ్యే ముందు రాయి నుంచి పోయేదీ ఆ వాయువే. మీరు తవ్వే రాయి గురించి మా పిల్లలకు చేతులతో చేసి నేర్పాలి. ఐదుగురికి ఒక జట్టు. జట్టుకు ఇన్ని టెస్ట్ ట్యూబులు, ఒక డ్రాపర్, లిట్మస్ కాగితాలు, కంటికి అద్దాలు. రాళ్లు మేమే తెచ్చుకుంటాం. సామాను పెట్టే బీరువా మా దగ్గర ఉంది. తాళం ఫలానా వారి దగ్గర ఉంటుంది. మూడు కొటేషన్లు జతచేశాం. పాఠం అయ్యాక పిల్లలు రాసిన ప్రయోగాల నోటు పుస్తకాలు చూపిస్తాం.

మొత్తం ఒక్క పేజీ. ‘దయతలచి’ అన్న మాట ఎక్కడా లేదు. కమిటీ తీర్మానం వెనక పెట్టి పంపారు.

సామాను వచ్చింది. దాంతో పాటు అడగనిది ఒకటి వచ్చింది. ఫ్యాక్టరీ ల్యాబులో రాయిని పరీక్షించే కెమిస్టు ఒకాయన వచ్చి, పిల్లలు తెచ్చిన రాళ్లలో ఏది మంచి సున్నపురాయి, ఏది కాదో వాళ్లచేతే తేల్పించాడు. చుక్క వేసినా పొంగని రాయి తెచ్చిన పిల్లవాడే ఆ రోజు ఎక్కువ ప్రశ్నలు అడిగాడట. హెచ్ఎం గదికి వినపడిన గోలను బట్టి నేను నమ్ముతాను.

సెలవులకు వచ్చిన పూర్వ విద్యార్థి ఒకాయన ఇది విని, తానుండే కాలిఫోర్నియా సంగతి చెప్పాడు. 1978లో అక్కడ ప్రజలు ఓటేసి ఆస్తి పన్నుకు పరిమితి పెట్టారు. బళ్లకు వచ్చే డబ్బు తగ్గింది. తల్లిదండ్రులు చందాలు వేసుకుని ఊరూరా ఎడ్యుకేషన్ ఫౌండేషన్లు పెట్టుకున్నారు. టీచరే నేరుగా దరఖాస్తు రాసి తన తరగతికి చిన్న గ్రాంటు తెచ్చుకోవచ్చు. అయితే డబ్బున్న ఊరి ఫౌండేషన్‌కు ఎక్కువ చందా, పేద ఊరికి తక్కువ అని కూడా అన్నాడు.

“ఇక్కడా అంతే గదా. ఫ్యాక్టరీ ఉన్న మండలానికి అడగడానికి ఒక గడప ఉంది. లేని మండలం ఎవరి గడప తొక్కాలె?” అంది మేడం.

అందుకే ఏది ఎవరిని అడగాలన్నది కూడా తేల్చుకోవాలి. గోడలు, మరుగుదొడ్లు, నీళ్లు, బెంచీలు సర్కారు బాధ్యత. 2022 మార్చి 8న వనపర్తిలో మొదలుపెట్టిన ‘మన ఊరు - మన బడి’ 26,065 బళ్లకు 7,289 కోట్లతో అలాంటి పన్నెండు రకాల పనులే లెక్కకట్టింది. అంత పెద్ద పథకానికి ఏడో తరగతి డ్రాపర్ కనిపించదు. కనిపించాల్సిన పనీ లేదు. అది మా మేడం కంటికి కనిపిస్తే చాలు, ఆమె రాసిన కాగితానికి విలువిచ్చే చోటు ఒకటి ఊరికి దగ్గర్లో ఉంటే చాలు.

ఏడాది చివర వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి. అందరూ యూసీ అంటారు. కొన్నవి, ఖర్చు, మిగులు రాశాక మేడం కింద ఇంకో వరుస చేర్చింది: ‘పగిలిన టెస్ట్ ట్యూబులు.’ పక్కన సంఖ్య వేసింది.

సారు జంకారు. “పగిలినయని మనమే రాస్తె మళ్ల ఇస్తరా మేడం?”

“ఒక్కటీ పగల్లేదంటె బీరువాల నుంచి తియ్యలేదనుకుంటరు సార్.”

సారు నన్ను ప్యాడ్ మీద రెండుసార్లు అద్ది, ఆ వరుస కిందనే గుద్దారు. తర్వాతి ఏడు పంపిన దరఖాస్తులో టెస్ట్ ట్యూబులు మళ్లీ మొదటి వరుసలోనే ఉన్నాయి, ఈసారి అరడజను ఎక్కువ కలిపి.